హేడ్రియన్స్ సైకిల్‌వే రివ్యూ: గోడ కోసమైతే సగం దారి చాలు

పేరు చూసి ఒక అంచనాకు వచ్చేయకండి. హేడ్రియన్స్ సైకిల్‌వే అంటున్నారు కదా అని రావెన్‌గ్లాస్‌లో రైలు దిగి తొక్కడం మొదలుపెడితే, కార్లైల్ దాటేదాకా రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ నిలబడి ఉన్నది ఒక్క గజం కూడా కనిపించదు. ఉత్తర ఇంగ్లండ్‌లో పడమటి తీరాన రావెన్‌గ్లాస్ నుంచి తూర్పు తీరాన సౌత్ షీల్డ్స్ దాకా దారి మొత్తం సుమారు 170 మైళ్లు, కార్లైల్ వచ్చేది దాదాపు సగంలో. గోడను చూడాలన్న కోరికతో, నాలుగు రోజుల సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

దారి బాగాలేదని కాదు. బ్రాంప్టన్ నుంచి కార్‌బ్రిడ్జ్ దాకా ఉన్న మధ్య భాగానికి సాటి వచ్చే సైకిల్ దారులు ఇంగ్లండ్‌లో తక్కువే. అక్కడ కోటలు, మఠాలు, గోడ ముక్కలు రోడ్డు పక్కనే తగులుతాయి, కొండలు కూడా అక్కడే కాళ్లు పట్టుకుంటాయి. కాబట్టి వారం రోజులు చేతిలో ఉంటే మొత్తం తొక్కండి. మూడు నాలుగు రోజులే ఉంటే కార్లైల్‌లో దిగి న్యూకాజిల్ వైపు బయలుదేరండి. పోగొట్టుకునేది కొంత ఉంది, కానీ ఎక్కువ లేదు.

నేషనల్ సైకిల్ నెట్‌వర్క్‌లో దీని నంబరు 72. నీలం బోర్డు మీద చిన్న ఎర్ర గడి, అందులో తెల్లటి 72: మలుపు మలుపుకీ వెతుక్కోవాల్సింది దీన్నే. టికెట్టు లేదు, పేరు నమోదు లేదు. దీంతో ఎక్కువమంది కలిపేసుకునేది హేడ్రియన్స్ వాల్ పాత్. 2003లో తెరిచిన ఆ 84 మైళ్ల దారి నడిచేవాళ్లది. గోడను ఆనుకునే పోతుంది కానీ దాని మీద సైకిల్ తొక్కకూడదు. ఇంగ్లండ్‌లో ఫుట్‌పాత్ అని గుర్తున్న పొలాల దారులేవీ సైకిళ్లకు కావు. బ్రిడిల్‌వే (గుర్రాలకు కూడా వదిలిన దారి) అని ఉన్నవాటి మీద వెళ్లవచ్చు. ఫోన్‌లోని మ్యాపు ఒక్కోసారి ఈ తేడా పట్టించుకోదు. గోడ పక్కనే గీత కనిపించిందని అటు తిరిగితే కాసేపట్లో కంచె దాటే చెక్కమెట్ల ముందు, సంచులతో సహా సైకిల్ ఎత్తుకుని నిలబడాల్సి వస్తుంది.

పడమటి సగంలో గోడ ఎందుకు లేదో తెలిస్తే నిరాశ తగ్గుతుంది. క్రీ.శ. 122లో హేడ్రియన్ చక్రవర్తి కట్టించడం మొదలుపెట్టిన గోడ పొడవు 73 మైళ్లు, తూర్పున వాల్‌సెండ్ నుంచి పడమట బౌనెస్-ఆన్-సాల్వే దాకా. ఇర్తింగ్ నదికి పడమటి భాగాన్ని మొదట గడ్డి మట్టి పెళ్లలతో లేపారు, రాతికట్టడం తరువాత వచ్చింది. ఆ రాయిని కూడా శతాబ్దాల తరబడి చర్చిలకు, పొలాల ఇళ్లకు తరలించేశారు. ఇక బౌనెస్‌కు దక్షిణంగా ఉన్న సముద్ర తీరంలో అసలు గోడే లేదు. కోటలు, చిన్న చిన్న కాపలా కోటలు, బురుజులతోనే తీరాన్ని కాచుకున్నారు. సైకిల్ దారి ఆ తీరపు కాపలా వరసను కూడా కలుపుకుంటూ రావెన్‌గ్లాస్ నుంచి మొదలవుతుంది.

రావెన్‌గ్లాస్‌లో రోమన్ స్నానశాల గోడలు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తున ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ప్రవేశం ఉచితం, స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఉత్తర ఇంగ్లండ్‌లో ఇంత ఎత్తున మిగిలిన రోమన్ కట్టడాలు చాలా అరుదు. అది చూశాక సెల్లాఫీల్డ్ అణు కేంద్రం పక్కగా పోతారు. 1956లో జాతీయ గ్రిడ్‌కు విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టిన కాల్డర్ హాల్ ఉన్నది ఇక్కడే. ఆ పరిసరాల్లో అందం కోసం వెతక్కండి. తరువాత వైట్‌హేవెన్, వర్కింగ్టన్ పాత బొగ్గు, ఇనుము ఊళ్లు. పాత రైలు కట్టల మీద వేసిన దారులు చదునుగా, సాఫీగానే ఉంటాయి కానీ అక్కడక్కడా గాజు పెంకులు ఉంటాయి. మేరీపోర్ట్‌లోని సెన్‌హౌస్ రోమన్ మ్యూజియానికి మాత్రం గంటన్నర కేటాయించండి. 1870లో అక్కడి కోట దగ్గర ఒకేసారి 17 రోమన్ బలిపీఠాలు బయటపడ్డాయి. అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి. అక్కడి నుంచి అలన్‌బీ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కనే ఒక కాపలా కోట పునాదులు, దానికి దగ్గర్లోనే పాత ఉప్పు మడులు కనిపిస్తాయి. ఐదు నిమిషాలు ఆగితే సరిపోతుంది.

ఈ తీరంలో అసలు జాగ్రత్త గాలి విషయంలో. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి, పడమర నుంచి వీస్తుంది. అందుకే దారిని పడమటి నుంచి తూర్పుకే తొక్కాలి. ఎదురుగా తొక్కాలనుకునేవాళ్లకు చెప్పేదొకటే: అలన్‌బీ, సిలోత్ మధ్య చెట్టూ చేమా అడ్డులేని తీరంలో ఎదురుగాలి పట్టిందంటే, చదునైన నేల మీద కూడా కొండెక్కుతున్నట్టే ఉంటుంది.

రెండో జాగ్రత్త పోటు. బౌనెస్, బర్గ్-బై-సాండ్స్ మధ్య రోడ్డు సాల్వే ఉప్పు చిత్తడి నేలల మీదుగా, నీటి మట్టానికి కాస్త ఎత్తులోనే పోతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో వచ్చే పెద్ద పోటుకు రోడ్డు మునుగుతుంది. నీరు ఏ గుర్తుకు వస్తే ముందు ఎంత లోతు ఉంటుందో చెప్పే బోర్డులు రోడ్డు పక్కనే ఉన్నాయి. పెద్ద పోటు రోజుల్లో నీరు పూర్తిగా ఎక్కేది మిట్టమధ్యాహ్నానికి అటూఇటూగా, సరిగ్గా సైకిల్ మీద ఉండే వేళకే. ముందు రోజు రాత్రే సిలోత్ పోటు పట్టిక చూసుకోండి. నీళ్లలోంచి తొక్కుకుంటూ పోవచ్చులే అనుకోవద్దు. కింద రోడ్డు అంచు కనపడదు, పైగా ఉప్పునీరు హబ్బుల్లోకి, చైన్‌లోకి చేరితే మర్నాటికే తుప్పు తేలుతుంది. తడిస్తే ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడిగి, తుడిచి, చైన్‌కు నూనె వేయండి.

బర్గ్-బై-సాండ్స్ చర్చి ముందు ఆగండి. రోమన్ కోట ఉన్న చోటే, కోట రాళ్లతోనే కట్టారు. గోపురం చూస్తే చర్చిలా ఉండదు, దాడులు తట్టుకోవడానికి కట్టిన బురుజులా ఉంటుంది. స్కాట్లండ్ మీదికి సేనతో బయలుదేరిన మొదటి ఎడ్వర్డ్ రాజు 1307 జూలై 7న ఈ ఊరి చిత్తడి నేలలోనే చనిపోయాడు. ఆ చోట స్మారక స్తంభం ఉంది.

కార్లైల్ కోట 1092లో విలియం రూఫస్ మొదలుపెట్టించినది, దారికి దగ్గరే. ఇక్కడే సామాను, ట్యూబులు, బ్రేక్ ప్యాడ్‌లు సరిచూసుకోండి. బ్రాంప్టన్ దాటితే కొండలు మొదలు.

లానర్‌కాస్ట్ మఠం నుంచి బ్యాంక్స్ ఊరికి ఎక్కే వాలు ఈ దారిలో మొదటి గట్టి పరీక్ష. పొడవు తక్కువే, కానీ నిటారు. గేర్ల లెక్క ఇక్కడ బయటపడుతుంది. ముందు 34 పళ్లు, వెనక 28 పళ్లు ఉన్న మామూలు రోడ్ బైకులో అన్నిటికంటే తేలిక గేరు దాదాపు 33 అంగుళాలు (34ని 28తో భాగించి చక్రం వ్యాసం 27తో గుణించాలి). నిమిషానికి 60 సార్లు పెడల్ తిరగాలంటే ఆ గేరులో గంటకు తొమ్మిదిన్నర కిలోమీటర్లు పోవాలి. మనిషి, సైకిల్, సామాను కలిపి 95 కిలోలు అనుకుంటే, 12 శాతం వాలు మీద ఆ వేగానికి దాదాపు 290 వాట్లు కావాలి. మామూలు మనిషి అంత శక్తిని ఎక్కువసేపు పెట్టలేడు. అందుకే పెడల్ నెమ్మదించి, మోకాళ్ల మీద భారం పడి, చివరికి దిగి తోయాల్సి వస్తుంది. అదే ముందు 30, వెనక 34 ఉంటే గేరు 24 అంగుళాలకు దిగుతుంది, దాదాపు 215 వాట్లతో గంటకు ఏడు కిలోమీటర్ల వేగంతో కూర్చునే ఎక్కేయవచ్చు. ముందు 26 పళ్లు ఉంటే ఇంకా సుఖం. సైకిల్ అద్దెకు తీసుకునేటప్పుడు బ్రాండ్ అడగడం కంటే ఈ రెండు అంకెలు అడగడం మేలు.

వాలు ఎంత నిటారో ఆర్డినెన్స్ సర్వే (ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపు ముందే చెబుతుంది. రోడ్డు మీద ఒక బాణం గుర్తు ఉంటే 14 నుంచి 20 శాతం, రెండు బాణాలుంటే 20 శాతం పైన. బాణం మొన దిగుడు వైపు చూపిస్తుంది. ల్యాండ్‌రేంజర్ వరసలో 85, 86, 87, 88 నంబర్ల షీట్లు కార్లైల్ నుంచి సముద్రం దాకా సరిపోతాయి. తీరం కూడా తొక్కేవాళ్లకు 89, 96 కావాలి. గోడ చుట్టుపక్కల నడవాలనుకుంటే ఎక్స్‌ప్లోరర్ ఓఎల్43. కాగితం మ్యాపు ఎందుకంటారేమో. లోయల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది, వానలో తడి వేళ్లకు తెర పలకదు.

లానర్‌కాస్ట్ మఠం 12వ శతాబ్దపు కట్టడం, రాయి చాలావరకు హేడ్రియన్ గోడదే. జబ్బుపడ్డ మొదటి ఎడ్వర్డ్ 1306 శరదృతువు నుంచి కొన్ని నెలలు ఇక్కడి నుంచే రాజ్యం నడిపాడు. బర్గ్-బై-సాండ్స్ చూసి వచ్చినవాళ్లకు కథ వెనక్కి తిరిగి చదివినట్టుంటుంది. పక్కనే ఉన్న హేర్ హిల్ దగ్గర గోడ ముక్క ఒకటి మనిషిని మించిన ఎత్తులో ఉంది, అయితే దాని ముఖం 19వ శతాబ్దంలో మళ్లీ పేర్చినది. పైకెక్కాక బ్యాంక్స్ ఈస్ట్ టరెట్ (గోడలోని కాపలా బురుజు) రోడ్డు పక్కనే, సైకిల్ కంచెకు ఆనించి చూడగలిగేంత దగ్గర. ఈ రెండూ ఉచితం.

బర్డోస్‌వాల్డ్ కోటకు రెండు గంటలైనా ఇవ్వండి. గోడ తెగకుండా అన్నిటికంటే పొడవుగా మిగిలింది ఇక్కడే. సైకిల్ అక్కడే తాళం వేసి ఇర్తింగ్ నది వైపు నడవండి. విల్లోఫోర్డ్ దగ్గర గోడ కట్టినవాళ్ల మనసు మారడం రాయిలో కనిపిస్తుంది: పునాది పది అడుగుల వెడల్పు, దాని మీద లేపిన గోడ మాత్రం సన్నం. పని మొదలైన కొన్నాళ్లకే కొలత తగ్గించేశారు, అప్పటికే వేసిన వెడల్పు పునాది బయటికి మెట్టులా మిగిలిపోయింది. గిల్స్‌లాండ్‌లో రైలు కట్ట పక్కనున్న పోల్ట్రాస్ బర్న్ మైల్‌కాజిల్‌లో (గోడ వెంట మైలుకొకటిగా కట్టిన చిన్న కోటల్లో ఒకటి) మెట్ల వరసలో కింది మెట్లు మాత్రం మిగిలాయి. వాటి వాలును పైకి పొడిగించి లెక్కవేసే, గోడ పైనున్న నడవ సుమారు 12 అడుగుల ఎత్తులో ఉండేదని అంచనా కట్టారు. మొత్తం దారిలో చూడాల్సినవి ఐదు ఎంచమంటే ఈ చిన్న చోటు అందులో తప్పకుండా ఉంటుంది. కోటలకు వెళ్లే జనం దీన్ని దాటుకుని పోతుంటారు.

హాల్ట్‌విజిల్ తాను బ్రిటన్‌కు నడిబొడ్డునని చెప్పుకునే ఊరు. నిజమో కాదో కొలిచే పద్ధతిని బట్టి ఉంటుంది, కానీ తిండి కొనుక్కోవడానికి మాత్రం ఇదే సరైన చోటు. ఇక్కడి నుంచి హెక్సమ్ దాకా చెప్పుకోదగ్గ దుకాణం లేదు. చాలా పబ్బుల్లో వంటగది మధ్యాహ్నం రెండుకల్లా మూస్తారు, మళ్లీ సాయంత్రమే తెరుస్తారు. రెండున్నరకు చేరితే చిప్స్ పొట్లమే గతి. శాకాహారులకు బేక్డ్ బంగాళాదుంప, బీన్స్, ఆ పూట సూపు దాదాపు ఎక్కడైనా దొరుకుతాయి. సంచిలో రెండు ఓట్స్ ఫ్లాప్‌జాక్‌లు, ఒకటిన్నర లీటర్ల నీళ్లు ఉంచుకోండి.

ఈ భాగంలో కొండలు ఇలా ఎందుకున్నాయో విన్ సిల్ చెబుతుంది. దాదాపు 29 కోట్ల ఏళ్ల కిందట పొరల మధ్యకు చొరబడి గట్టిపడిన అగ్నిశిల పలక ఇది. ఉత్తరం వైపు నిట్టనిలువు గుట్టగా, దక్షిణం వైపు మెల్లని వాలుగా ఉంటుంది. రోమన్లు గోడను ఆ అంచు మీదే కట్టారు. సైకిల్ దారి దానికి దక్షిణంగా ఉంటుంది కాబట్టి, సౌత్ టైన్ లోయ నుంచి గోడ దగ్గరికి వెళ్లాలన్న ప్రతిసారీ ఎక్కుడే.

గోడకు దగ్గర్లో తిన్నగా పోయే రోడ్డు ఒకటుంది, బి6318. 1745లో స్కాట్లండ్‌లో లేచిన జాకొబైట్ తిరుగుబాటు తరువాత సైన్యం కోసం వేసింది. చాలా చోట్ల హేడ్రియన్ గోడను పడగొట్టి, ఆ రాతి మీదే వేశారు. మ్యాపులో చూస్తే ఇదే సులువనిపిస్తుంది. తొక్కవద్దు. తిన్నగా ఉండటం వల్ల కార్లు వేగంగా వస్తాయి, అలల్లా లేచిపడే రోడ్డు కావడం వల్ల గట్టు అవతల ఉన్న సైకిల్ కారు నడిపేవాళ్లకు చివరి క్షణందాకా కనపడదు. 2022లో మార్చిన హైవే కోడ్ ప్రకారం గంటకు 30 మైళ్ల లోపు వేగంతో దాటే కారు కనీసం ఒకటిన్నర మీటరు ఎడం ఇవ్వాలి, అంతకు మించిన వేగమైతే ఇంకా ఎక్కువ. కనపడని సైకిల్‌కు ఎవరు మాత్రం ఎడం ఇస్తారు? హౌస్‌స్టెడ్స్ కోట చూడాలనుకునేవాళ్లు వన్స్ బ్రూడ్ దగ్గర సైకిల్ పెట్టేసి గోడ వెంట నడిచి వెళ్లాలి, లేదా సీజన్‌లో నడిచే ఏడీ122 బస్సు పట్టుకోవాలి. అక్కడి వైహెచ్‌ఏ ది సిల్ హాస్టల్‌లో రెండు రాత్రులు ఉంటే మధ్య రోజంతా సంచులు లేకుండా తిరగవచ్చు. 2023 సెప్టెంబరులో నరికేసిన సికమోర్ గ్యాప్ చెట్టు మోడు కూడా ఆ నడక దారిలోనే ఉంది.

విండోలాండా రోమన్ కోట సైకిల్ దారి పక్కనే. 1973లో ఇక్కడ సిరాతో రాసిన పల్చటి చెక్క రేకులు దొరికాయి: సైనికుల సామాను లెక్కలు, ఉత్తరాలు, పుట్టినరోజు పిలుపు. గాలి చొరబడని తడి మట్టిలో ఉండిపోవడం వల్ల చెక్క కుళ్లలేదు. కోట బయట, పాత స్టేన్‌గేట్ రోమన్ రహదారి పక్కన, ఒక మైలురాయి నాడు పాతిన చోటే నిలబడి ఉంది. అక్కడిదాకా సైకిల్ మీదే పోవచ్చు. టికెట్ల విషయంలో ఒక మాట: బర్డోస్‌వాల్డ్, లానర్‌కాస్ట్, కార్లైల్ కోట, హౌస్‌స్టెడ్స్, కార్‌బ్రిడ్జ్ రోమన్ పట్టణం పాత కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ కిందకి వస్తాయి. విదేశాల నుంచి వచ్చేవాళ్లకు తొమ్మిది, పదహారు రోజుల పాస్‌లు ఉన్నాయి. విండోలాండా వేరే ట్రస్టుది, ఆ పాస్ అక్కడ చెల్లదు.

న్యూబ్రో వైపు దిగేటప్పుడు బ్రేకులు మాట వినాలి. దిగుళ్లు పొడవు కావు, కానీ ఒంపు దాటగానే గేటో, గొర్రెల మందో, క్యాటిల్ గ్రిడ్డో ఎదురవుతుంది. పశువులు దాటకుండా గుంట మీద వేసిన ఆ ఇనుప కడ్డీల మీద, ముఖ్యంగా వానలో, బ్రేక్ వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. ముందే వేగం తగ్గించి, కడ్డీలకు అడ్డంగా తిన్నగా దాటాలి. డిస్క్ బ్రేకులైతే రెసిన్ ప్యాడ్‌లు తడి ఇసుకకు త్వరగా అరిగిపోతాయి, సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) ప్యాడ్‌లు వేయించుకోండి. రిమ్ బ్రేకులైతే ప్రతి సాయంత్రం ప్యాడ్‌లో ఇరుక్కున్న రాతి తునకలు గీకి తీయాలి, లేదంటే అవి రిమ్మును కోసేస్తాయి. ఇక్కడి సైకిళ్లకు ముందు బ్రేక్ కుడి చేతికే ఉంటుంది.

టైర్లు 35 మిల్లీమీటర్లు సరిపోతాయి. సంచులతో వెనక 55, ముందు 45 పీఎస్‌ఐ మంచి ఆరంభం. పంక్చర్లకు అసలు కారణం రాళ్లు కాదు, హాథార్న్ ముళ్లు. శరదృతువులో, చలికాలంలో పొలం గట్ల కంచెలను యంత్రంతో కొడతారు, ముళ్ల ముక్కలు రోడ్డంతా చల్లినట్టు పడతాయి. ట్యూబు మార్చినా అర మైలుకే మళ్లీ గాలి పోయిందంటే, ముల్లు మొన టైరులోనే విరిగి ఉండిపోయిందని అర్థం. వేళ్లతో తడిమితే తెలియదు. టైరును లోపలి నుంచి బయటికి మడిచి చూసి, ట్వీజర్‌తో లాగాలి. రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, ఆ చిన్న ట్వీజర్ తప్పనిసరి.

హెక్సమ్ అబ్బే నేలమాళిగ 7వ శతాబ్దం నాటిది, రోమన్ రాళ్లతో కట్టినది. రోజంతా తెరిచి ఉండదు, ముందే వేళలు కనుక్కోండి. కార్‌బ్రిడ్జ్ దాటాక పెద్ద కొండలు వదిలేస్తాయి. టైన్ నది పక్కన పాత బొగ్గు బండ్ల దారి మీద తొక్కుతుంటే వైలమ్‌లో రైలు ఇంజన్ల మార్గదర్శి జార్జ్ స్టీవెన్‌సన్ 1781లో పుట్టిన కుటీరం దారి పక్కనే వస్తుంది. న్యూకాజిల్‌లో నది మీద వరసగా వంతెనలు, ఆ తరువాత వాల్‌సెండ్‌లో సెగెడూనమ్ కోట. దాని టవర్ ఎక్కితే కోట పునాదుల నక్షా మొత్తం ఒక్క చూపులో అందుతుంది. నగర శివార్లలో మాత్రం 72 బోర్డులు తిరిగిపోయో, రంగు పూసో ఉంటాయి. అక్కడ జీపీఎస్ ట్రాక్‌నే నమ్ముకోవాలి.

రైళ్ల విషయంలో నార్తర్న్ కంపెనీ రైలుకు రెండు సైకిళ్లే, ముందు వచ్చినవాళ్లకే చోటు. నలుగురు కలిసి వెళ్తే రెండు రైళ్లుగా విడిపోయే ఏర్పాటుతో వెళ్లండి. తీరం వెంట ఆదివారం రైళ్లు తక్కువ. పట్టాల పని ఉండి బదులు బస్సులు వేస్తే వాటిలో సైకిల్ ఎక్కనివ్వరు. న్యూకాజిల్ నుంచి లండన్ పోయే ఎల్‌ఎన్‌ఈఆర్ కంపెనీ రైళ్లలో సైకిల్‌కు రుసుము లేదు కానీ చోటు ముందే రిజర్వు చేసుకోవాలి. సైకిల్‌ను కొక్కేనికి నిలువుగా వేలాడదీయాలి, సంచులు ముందే విప్పి ఉంచుకోవాలి, వెడల్పు టైర్లు, మడ్‌గార్డులు ఇబ్బంది పెడతాయి.

చివరి మైళ్లలో నది దాటడానికి రెండు మార్గాలు. నార్త్ షీల్డ్స్ నుంచి సౌత్ షీల్డ్స్‌కు పడవ, సైకిల్‌తోనే ఎక్కవచ్చు, కొన్ని నిమిషాల ప్రయాణం. దిగితే అర్బేయా రోమన్ కోట దగ్గరే. లేదా అంతకు ముందే హౌడన్ దగ్గర 1951లో తెరిచిన టైన్ సొరంగం. నడిచేవాళ్లకు ఒకటి, సైకిళ్లకు ఒకటి. అవతల జారోలో సెయింట్ పాల్స్ చర్చి ఉంది, తొలి ఆంగ్ల చరిత్రకారుడైన సన్యాసి బీడ్ జీవించిన మఠం. గోడలో 685 ఏప్రిల్ నాటి ప్రతిష్ఠా శిల అలాగే ఉంది. సొరంగం లిఫ్టు పనిచేస్తోందో లేదో ఆ ఉదయమే చూసుకోండి. లేకపోతే పడవే ఎక్కి, జారోకు దక్షిణపు ఒడ్డు వెంట వెనక్కి తొక్కండి.